పలక మారిన వేళ

పాఠ్యభాగ ఉద్దేశ్యం

ఒక యంత్రానికి అలవాటుపడిన మనిషి మరొక యంత్రానికి మారదలచినప్పుడు ధరతో, రూపంతో పాటు తన లిపినీ, తన లెక్కలనూ, తన జ్ఞాపకాలనూ కూడా తూచి చూడవలసి ఉంటుందని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశ్యం.

పాఠం

హైదరాబాదులో పురానాపూల్‌కూ బేగంబజారుకూ చేరువలో ఉన్న పేట ధూల్‌పేట్. వినాయక చవితి విగ్రహాలకూ, సంక్రాంతి గాలిపటాలకూ, రాఖీలకూ ఆ పేట ప్రసిద్ధి. అక్కడి లోధ కుటుంబాల పూర్వులు ఉత్తరాదిలోని బుందేల్‌ఖండ్ ప్రాంతం నుండి నిజాముల కాలంలో వచ్చి స్థిరపడ్డారని చెబుతారు. ఇంటిలో హిందీ, వీధిలో దక్కనీ ఉర్దూ, జిల్లాల నుండి వచ్చే కొనుగోలుదారులతో తెలుగు. ఇన్ని భాషల నడుమ జీవనం సాగించే పేటలు నగరంలో కొద్దిగానే ఉంటాయి.

విగ్రహం తయారీ చవితికి ఎన్నో నెలల ముందే మొదలవుతుంది. వెనుకటి రోజులలో కొనుగోలుదారు స్వయంగా వచ్చి, కార్ఖానాలో నిలబడి, నచ్చిన రూపాన్ని చూపి బయానా ఇచ్చి వెళ్లేవాడు. నేడు ఆ బేరంలో అధికభాగం చరవాణిలోనే జరిగిపోగలదు. ఏ రూపం కావాలో తెలిపే చిత్రం వాట్సాప్‌లో వస్తుంది. ఎత్తు ఎంత, కిరీటం ఎట్లుండాలి, రంగు ఏది అన్న వివరాలు సందేశాలుగా వస్తాయి. బయానా యూపీఐ ద్వారా చేరుతుంది. ఒకప్పుడు గోడకు వేలాడిన లెక్కల పుస్తకం, అలమరలోని చిత్రాల కట్ట, గల్లాపెట్టె, ఈ మూడూ అరచేతిలోని ఒక్క పలకలో ఇమిడిపోయాయి. అందువల్ల ఆ పలకను మార్చడమంటే దుకాణాన్ని మరొక వీధికి తరలించడంతో సమానం.

స్మార్ట్‌ఫోన్ అనే యంత్రానికి ప్రాణం దానిలోని ఆపరేటింగ్ సిస్టమ్. తెరను వెలిగించడం, అక్షరాన్ని చూపడం, ఫోటోను భద్రపరచడం, యాప్‌లను నడపడం అన్నీ ఆ నిర్వాహక వ్యవస్థ చేసే పనులే. నేడు ప్రపంచంలో ప్రధానంగా నిలిచినవి రెండు: గూగుల్ సంస్థ రూపొందించిన ఆండ్రాయిడ్, ఆపిల్ సంస్థ ఐఫోన్‌లలో నడిచే ఐఓఎస్. మన దేశంలో పదింట తొమ్మిదికి పైగా ఫోన్లు ఆండ్రాయిడ్‌తోనే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్‌లోనే ఒక కంపెనీ ఫోను విడిచి మరొక కంపెనీ ఫోను కొనడం అద్దె ఇల్లు మారడం వంటిది. ఒక వ్యవస్థను విడిచి రెండవ వ్యవస్థకు వెళ్లడం ఊరు మారడం వంటిది. ఈ రెండింటికీ గల తేడా దుకాణంలోని అద్దాల బీరువా ముందు నిలబడినప్పుడు తెలియదు.

తెలుగు సాహిత్యం చదివినవారికి ఇటువంటి మార్పు కొత్తది కాదు. మన కావ్యాలు శతాబ్దాల పాటు తాళపత్రాలపై గంటంతో వ్రాయబడి, పందొమ్మిదవ శతాబ్దంలో కాగితానికీ, అచ్చుకూ మారాయి. తాటాకుపై పదాల నడుమ ఖాళీ ఉండదు. పద్యపాదం ముగిసినచోట కొత్త పంక్తి మొదలు కాదు. చదివేవాడు ఛందస్సు తెలిసినవాడైతేనే ఎక్కడ విరవాలో తెలుస్తుంది. 1829లో వేమన పద్యాలను ప్రచురించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, పండితులను నియమించి ఒక్కొక్క గ్రంథానికి పలు ప్రతులను సేకరింపజేసి, వాటిని సరిపోల్చి, కాగితంపై శుద్ధప్రతులు వ్రాయించాడు. ప్రతి మారినప్పుడల్లా ఏదో ఒక అక్షరం జారిపోతుందనీ, జారినదాన్ని పట్టుకోవడానికి పాత ప్రతి చేతిలో ఉండాలనీ ఆయన ఎరిగి ఉన్నాడు. పాత తాటాకును కాల్చివేసి కొత్త కాగితం అందుకున్నవాడు పండితుడు కాజాలడు. ఈ మాట ఫోనుకు కూడా వర్తిస్తుంది; ఎట్లన్నది ముందు చూద్దాం.

ఫోను ఎంచుకునేటప్పుడు దుకాణదారు సాధారణంగా కెమెరా గురించీ, బ్యాటరీ గురించీ, తెర వెడల్పు గురించీ చెబుతాడు. తెలుగు అక్షరం గురించి చెప్పడు, కొనేవాడు అడగడు. నిజానికి మొదట అడగవలసినది అదే.

కంప్యూటర్లలో ప్రపంచ భాషలన్నిటికీ ఉమ్మడి సంకేతపద్ధతి యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి రూపంలోనే తెలుగుకు స్థానం లభించింది. తెలుగుకు కేటాయించిన స్థానాలు 128. అయితే స్థానం ఉన్నంత మాత్రాన అక్షరం తెరపై నిలవదు. తెలుగు వ్రాత ఒకదాని ప్రక్కన ఒకటిగా పేర్చిన ఇటుకల వరుస కాదు. హల్లు క్రింద ఒత్తు చేరాలి, పైన గుడి తిరగాలి, తలకట్టు ఎగిరిపోవాలి. ఈ పనిని నిర్వాహక వ్యవస్థ నేర్చుకుని ఉండాలి. నేర్చుకోని కాలంలో తెలుగు సందేశం వస్తే ఫోను తెరపై చతురస్రాలు మాత్రమే కనబడేవి. వాటిని మనవాళ్లు ‘డబ్బాలు’ అన్నారు. పాశ్చాత్యులు ‘టోఫు’ అన్నారు. అది సోయా పాలతో చేసే, జున్నుముక్క వంటి ఒక ఆహారం. అటువంటి ముక్కలు ఏ భాషకూ కనబడరాదన్న సంకల్పంతోనే గూగుల్ తన అక్షరరూపాలకు ‘నోటో’ అని పేరు పెట్టింది.

ఆండ్రాయిడ్ 2012లో విడుదలైన 4.1 రూపంతో తెలుగు, కన్నడ, మలయాళ లిపులను చేర్చుకుంది. 2014లో వచ్చిన 5.0 రూపంతో ఫోను మొత్తం తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టింది. అనగా ‘సెట్టింగ్‌లు’ మొదలుకొని హెచ్చరికల వరకు అన్నీ తెలుగులో చదువుకొనే వీలు కలిగింది. ఐఫోన్‌లో తెలుగు చదవడం, వ్రాయడం సాధ్యమైన తరువాత కూడా ఫోను మాత్రం తెలుగులో మాట్లాడలేదు. హిందీకి ఆ అవకాశం చాలా ముందే దక్కింది. 2025 మార్చి 31న విడుదలైన ఐఓఎస్ 18.4తో తెలుగు, ఉర్దూ, కన్నడ, తమిళం మొదలైన పది భాషలు ఫోను భాషలుగా చేరాయి. ఒక వ్యవస్థలో 2014లో జరిగినది మరొక వ్యవస్థలో 2025లో జరిగింది. పదేళ్లకు మించిన ఈ ఎడబాటుకు కారణం అక్షరాల కష్టం కాదనుకోవాలి. ఆ ఫోను కొనగలిగినవారు ఇంగ్లీషులోనే వాడుకుంటారన్న అంచనా కావచ్చు. అంచనా ఏదైనా, ఇంగ్లీషు రాని తల్లికో తాతకో ఫోను కొనిచ్చేవారు ఇంతకాలం ఆలోచించవలసి వచ్చిన విషయం ఇది.

తెలుగు అక్షరం ఒక యంత్రాన్ని ఎంత చిక్కులో పెట్టగలదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ అన్న అక్షరపు ఒక రూపం సందేశంగా అందినప్పుడు ఐఓఎస్ 11.2.5తో నడిచే ఐఫోన్‌లలో ఆ సందేశాన్ని చూపబోయిన యాప్ మూతపడిపోయింది. తెరపై హెచ్చరికగా వచ్చిన సందర్భాలలో ఫోనే తట్టుకోలేకపోయింది. ఆపిల్ గడియారాలలో, మాక్ కంప్యూటర్లలో కూడా ఇదే స్థితి. జ్ఞానం అన్న మాటలోని తొలి అక్షరాన్ని భరించలేక లక్షల రూపాయల యంత్రాలు చతికిలబడ్డాయని అప్పట్లో పత్రికలు చమత్కరించినా, లోపం ఉన్నది అక్షరంలో కాదు, అక్షరాన్ని కూర్చే వ్యవస్థలో.

ఆ లోపం స్వరూపం తెలుసుకోదగినది. ‘జ్ఞా’లో జకారం, దానికి పొల్లు, ఆపై ఞకారం, చివర దీర్ఘపు గుర్తు, మొత్తం నాలుగు సంకేతాలు ఉంటాయి. యంత్రాన్ని పడగొట్టిన రూపంలో ఞకారానికీ దీర్ఘానికీ నడుమ కంటికి కనిపించని ఐదవ సంకేతం ఒకటి చేరి ఉంది. రెండు అక్షరాలు కలవకుండా ఆపే విభజన సంజ్ఞ అది. దాని ప్రయోజనం తెలియాలంటే ఈ పాఠంలోని ఊరిపేరే చాలు. ‘ధూల్‌పేట్’ అని వ్రాసినప్పుడు లకారపు పొల్లు తరువాత ఆ సంజ్ఞను ఉంచడం వల్లనే పొల్లు నిలిచింది. తీసివేస్తే అది ‘ధూల్పేట్’గా మారి, పకారం ఒత్తుగా క్రిందికి దిగిపోతుంది. ఉపయోగకరమైన ఆ సంజ్ఞ ఉండరాని చోట ఉండడంతో, అక్షరాలను పేర్చే లెక్క ఐఓఎస్‌లో తప్పింది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 రూపాన్ని విడుదల చేసి దోషాన్ని సరిదిద్దింది. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆ సందేశం వల్ల ఏ హానీ కలగలేదు. అంతమాత్రాన ఒకటి మేలైనదనీ, ఒకటి హీనమైనదనీ తీర్పు చెప్పరాదు. దోషాన్ని కొద్ది రోజులలోనే సవరించి, అన్ని ఫోన్లకూ ఒకేసారి అందించగలగడం కూడా ఒక గుణమే. కొన్ని ఆండ్రాయిడ్ కంపెనీలు ఇటువంటి సవరణలను నెలల తరబడి అందించకపోవడం అనుభవంలో ఉన్నదే.

పెండ్లి పత్రికలు, కరపత్రాలు అచ్చువేసే డీటీపీ కేంద్రాలలో అను అక్షరాలతో కూర్చిన తెలుగు చాలాకాలం రాజ్యమేలింది. పాత అను పద్ధతి యూనికోడ్ కాదు. అక్కడ తెలుగు అక్షరం లోలోపల ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల వేషంలో ఉంటుంది. అటువంటి పాఠాన్ని ఫోనులో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుస ఎదురవుతుంది. ఫోను మార్చినంత మాత్రాన ఆ తెలుగు కనబడదు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చవలసిందే.

ఇక వృత్తి విషయానికి వద్దాం. ఎన్నో ఏళ్లుగా ఆండ్రాయిడ్ ఫోను వాడుతున్న ధూల్‌పేట్ విగ్రహకారుని ఒకనిని ఊహించుకుందాం. విగ్రహాల ఫోటోలు మరింత స్పష్టంగా రావాలని ఐఫోను కొనాలని అతని కోరిక. ఏది కొనాలి, ఎట్లా మార్చాలి అన్న భారం ఇంటర్మీడియెట్ చదివే కుమార్తెపై పడుతుంది. చాలా ఇళ్లలో ఈ భారం ఆ వయసువారిదే. తండ్రి అడిగేది ఒక్కటే ప్రశ్న: “అమ్మా, నా పాతవన్నీ ఇందులోకి వస్తాయా?” ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు.

పేర్లు, ఫోను నంబర్లు గూగుల్ ఖాతాలో ఉంటే సులభంగానే వస్తాయి. ఫోటోలూ వస్తాయి. డబ్బు చెల్లించి కొన్న యాప్‌లు రావు. అవి ఆ ఊరి నాణేలు, ఈ ఊరిలో చెల్లవు. అసలు చిక్కు వాట్సాప్‌తోనే. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ తన భద్రప్రతిని గూగుల్ వద్ద దాచుకుంటుంది, ఐఫోన్‌లో ఆపిల్ వద్ద దాచుకుంటుంది. ఒకరి కొట్టు తాళం మరొకరి వద్ద ఉండదు. ఆండ్రాయిడ్ నుండి ఐఫోన్‌కు సంభాషణలను నేరుగా తరలించే వీలు 2022లో గాని రాలేదు. దానికి ‘మూవ్ టు ఐఓఎస్’ అనే యాప్ కావాలి. ఆ తరలింపు కొత్త ఐఫోనును మొట్టమొదట అమర్చే సమయంలోనే జరగాలి. ఉత్సాహం కొద్దీ ముందుగా ఫోనును వాడడం మొదలుపెట్టి, వారం తరువాత పాత సందేశాల కోసం వెదికినవాడు, ఆ వారంలో చేరినదంతా చెరిపి మళ్లీ మొదటికి రావలసి ఉంటుంది. విగ్రహకారునికి ఆ సందేశాలు కబుర్లు కావు. ఎవరు ఎంత బయానా ఇచ్చారు, ఎన్ని అడుగుల విగ్రహం అడిగారు, ఏ తేదీకి బండి పంపుతామన్నారు అన్నదంతా వాటిలోనే ఉంది. అవి పోతే చవితి ముందు వాకిట నిలిచిన కొనుగోలుదారుకు చూపడానికి ఆధారం ఉండదు. మాటకు మాట మిగులుతుంది.

ఫోటోలలో ఒక సూక్ష్మం ఉంది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుండి ఐఫోన్‌లు చిత్రాలను హెచ్ఈఐసీ అనే పద్ధతిలో భద్రపరుస్తున్నాయి. అది తక్కువ స్థలం తీసుకుంటుంది. అయితే ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణంలోని పాత కంప్యూటర్ దానిని తెరవలేకపోవచ్చు. కెమెరా అమరికలలో ఒక ఎంపికను మార్చుకుంటే చిత్రాలు పాత జేపీఈజీ పద్ధతిలోనే వస్తాయి. దుకాణంలో ఈ మాట చెప్పేవారు అరుదు.

యూపీఐ సంగతి వేరు. 2016లో ప్రారంభమైన ఈ చెల్లింపు విధానంలో యాప్, ఫోను, సిమ్ కార్డు మూడూ ఒకదానికొకటి ముడివడి ఉంటాయి. కొత్త ఫోనులో ఆ సిమ్‌ను ఉంచి, దానినుండి సంక్షిప్త సందేశం వెళ్లిన తరువాతనే యాప్ తెరుచుకుంటుంది. గోడకు అతికించిన క్యూఆర్ పత్రం ఖాతాకు సంబంధించినది కనుక సాధారణంగా దానిని మార్చనక్కర లేదు. ఈ ముడి చిరాకు కలిగించేదే అయినా దొంగ చేతికి చిక్కకుండా కాపాడేదీ అదే.

అలవాటు అనేది వీటన్నిటికంటే మొండిది. ఆండ్రాయిడ్‌లో వెనుకకు వెళ్లే మార్గం తెర అంతటా ఒకే తీరున ఉంటుంది; ఐఫోన్‌లో అది ఒక్కొక్క యాప్‌లో ఒక్కొక్క విధంగా తోస్తుంది. కీబోర్డులో అక్షరాల స్థానం మారుతుంది. పది ఏళ్లు ఒకేచోట ‘క’ను తాకిన వ్రేలు కొంతకాలం తప్పుతుంది. విగ్రహకారునికి ఈ స్థితి తెలియనిది కాదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నిమిషాలలో గట్టిపడుతుంది; మట్టి రోజుల తరబడి ఆరుతుంది, తొందరపెడితే బీటలు వారుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మే నెలలో సవరించిన మార్గదర్శకాలు ప్లాస్టర్‌ను విడిచి మట్టికి మారమన్నాయి. ప్లాస్టర్‌కు అలవాటుపడిన చేయి మట్టి వేగాన్ని నేర్చుకోవడానికి ఒక ఋతువు పడుతుంది. ఫోను విషయంలో వ్రేళ్లకు అంత కాలం అవసరం లేదు. అందువల్ల అలవాటు ఒక్కటే కారణంగా పాత వ్యవస్థను పట్టుకొని ఉండడం సమంజసం కాదు. లిపి నిలవకపోవడం, లెక్కలు పోవడం మాత్రం ఆగి ఆలోచించదగిన కారణాలు.

వ్యవస్థ మార్పు కొన్నిసార్లు మన ఇష్టంపై ఆధారపడదు. వ్యవస్థే కనుమరుగు కావచ్చు. ఒకప్పుడు ఇంటింటా ఉన్న నోకియా 2011 ఫిబ్రవరిలో తన సింబియన్ వ్యవస్థను ప్రక్కకు నెట్టి, మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్‌ను ఆశ్రయించింది. 2014లో మైక్రోసాఫ్ట్ నోకియా ఫోన్ల విభాగాన్నే కొన్నది. ఆ ఏడాది ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివినవాడు. 2015 జూలైలో ఆ కొనుగోలుకు సంబంధించి 760 కోట్ల డాలర్లను నష్టంగా వ్రాసివేస్తున్నట్లు ఆయన సంస్థ ప్రకటించింది. 2019 చివరికి వాట్సాప్ విండోస్ ఫోన్లను విడిచిపెట్టింది. ఆ వెనువెంటనే మైక్రోసాఫ్ట్ కూడా సవరణలు పంపడం మానివేసింది. ఫోన్ల రంగాన్ని విడిచిపెట్టకుండా దానిని నిలబెట్టే మార్గాలు ఉండి ఉండవచ్చునని నాదెళ్ల 2023లో ఒక ముఖాముఖిలో అన్నాడు. పెద్ద సంస్థ నష్టాన్ని ఖాతాలో వ్రాసుకొని ముందుకు సాగగలదు. ఆ ఫోను కొన్న చిరువ్యాపారికి అటువంటి ఖాతా ఉండదు. ఫోను పాడు కాకపోయినా అది పనికిరానిదైంది.

కనుక ఎంచుకునేటప్పుడు ఆ ఫోనుకు ఎన్నేళ్లు సవరణలు అందుతాయో అడగడం అవసరం. 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8కూ, 2024లో వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కూ ఏడేళ్ల హామీ ఉంది. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021 నాటి ఐఓఎస్ 15 కూడా అందింది. తక్కువ ధర ఫోన్లలో ఈ హామీ చాలా తక్కువ. అబిడ్స్ సమీపంలోని జగదీశ్ మార్కెట్ వంటి ఫోన్ల బజార్లలో పాత ఐఫోన్‌లు తక్కువ ధరకు దొరుకుతాయి. వాటిని చూసి ఆశపడేవారు వెలతో పాటు వయసునూ అడగాలి. పాత ఫోను ఎంత మెరిసినా ఐఓఎస్ 18.4ను అందుకోలేనిదైతే తెలుగులో మాట్లాడదు.

తండ్రి ప్రశ్నకు కుమార్తె చెప్పగల జవాబు ఒక క్రమంగా ఉంటుంది. ఆషాఢ, శ్రావణాలలో బయానాలు జోరుగా వచ్చే వేళ మార్పు తలపెట్టరాదు. నిమజ్జనం ముగిసి, బాకీలు వసూలై, గాలిపటాల పని మొదలయ్యేలోగా కొంత తీరిక దొరుకుతుంది, అప్పుడు మార్చవచ్చు. కొనడానికి ముందు దుకాణంలోనే ఆ ఫోనులో ‘శ్రీ’, ‘జ్ఞా’, ‘స్త్రీ’, ‘ధూల్‌పేట్’ అని వ్రాసి చూడాలి. తరలింపు పూర్తయినట్లు ఫోను చెప్పినా నమ్మక, ఇద్దరు ముగ్గురు పాత కొనుగోలుదారుల సందేశాలను రెండు ఫోన్లలోనూ ప్రక్కప్రక్కన తెరచి, బ్రౌన్ పండితులు ప్రతులను సరిపోల్చినట్లు సరిపోల్చాలి. పాత ఫోనును వెంటనే అమ్మితే వచ్చే నాలుగు వేలకు ఆశపడక, కనీసం మరొక పండుగ దాటేవరకు దానిని చెరపకుండా అలమరలో ఉంచాలి.

కఠిన పదాలు – అర్థాలు

చరవాణి = మొబైల్ ఫోను
బయానా = ముందుగా చెల్లించే సొమ్ము
గంటం = తాటాకుపై వ్రాసే ఇనుప సాధనం
శుద్ధప్రతి = తప్పులు దిద్ది వ్రాసిన ప్రతి
ఎడబాటు = దూరం, అంతరం
సంజ్ఞ = గుర్తు
సమంజసం = తగినది

ప్రశ్నలు

1. తాళపత్రం నుండి కాగితానికి జరిగిన మార్పునకూ, ఫోను మార్పునకూ గల పోలికను వివరించండి.
2. 2018లో ‘జ్ఞా’ అక్షరం వల్ల ఏర్పడిన చిక్కునకు కారణమేమి? దానిని ఎట్లా సరిదిద్దారు?
3. విగ్రహకారునికి వాట్సాప్ సందేశాలు కబుర్లు కావని రచయిత ఎందుకు అన్నాడు?
4. ‘ఆ ఊరి నాణేలు, ఈ ఊరిలో చెల్లవు’ – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
5. మీ ఇంటిలోని ఫోనులో పది సంయుక్తాక్షరాలను వ్రాసి, అవి సరిగా కనబడుతున్నాయో లేదో పరిశీలించి వ్రాయండి.